ఉక్కు కూర్పు, క్వెంచింగ్: ఒకే కొలిమి, ఒకే నీళ్ళు, మూడు వేర్వేరు ఫలితాలు

లేత్_మిత్ర

అందరికీ నమస్కారం. చిన్న షాఫ్టులు, పిన్నులు చేస్తుంటాను. 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న మూడు రకాల కడ్డీలను ఒకే ఫర్నేసులో 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి, ఒకే తొట్టిలోని నీళ్ళలో ముంచి చటుక్కున చల్లార్చాను, అంటే క్వెంచింగ్ చేశాను.

మొదటిది మైల్డ్ స్టీలు, కార్బన్ 0.18 శాతం. రెండోది ఈఎన్ 8 (బ్రిటిష్ ప్రమాణాల్లోని ఉక్కు రకం పేరు), కార్బన్ 0.40, మాంగనీస్ 0.80. మూడోది ఈఎన్ 19. దీనిలో కార్బన్, మాంగనీస్ ఈఎన్ 8లో ఉన్నంతే, అదనంగా క్రోమియం 1 శాతం, మాలిబ్డినం 0.20.

మైల్డ్ స్టీలు మీద ఆకురాయి ఎప్పటిలాగే కరకరమని పట్టింది. ఈఎన్ 8 మీద జారిపోయింది, కానీ కడ్డీని అడ్డంగా కోసి చూస్తే నడిమి భాగం మెత్తగానే ఉంది. ఈఎన్ 19 లోపలిదాకా గట్టిపడింది కానీ కీవే (కీ కూర్చోవడానికి కోసిన గాడి) మూల నుంచి పొడుగునా పగిలింది. మూడింటికీ మిల్లు ఇచ్చిన కూర్పు పత్రాలు నా దగ్గర ఉన్నాయి. ఆ అంకెలు చూసి ఏ ఉక్కు ఎలా ప్రవర్తిస్తుందో ముందే చెప్పగలమా? చెప్పగలిగితే ఎలా?

కొలిమి_వెలుగు

మిత్రమా, కూర్పు సంగతి తర్వాత. ముందు మీ నీళ్ళు చూడండి. నిలకడగా ఉన్న నీళ్ళలో కడ్డీని వదిలేస్తే చుట్టూ ఆవిరి పొర కట్టుకుంటుంది, వేడి బయటికి పోదు. నూటికి పది పాళ్ళు ఉప్పు కలిపి, కడ్డీని పైకీ కిందికీ ఆడిస్తూ ముంచండి. ఈఎన్ 8 ఇంకా లోతుకు గట్టిపడుతుంది. చల్లార్చే పద్ధతి సరిగ్గా లేకుండా కూర్పు పత్రాలు ఎన్ని చదివినా లాభం లేదు.

సూక్ష్మదర్శిని

కొలిమి_వెలుగు గారు చెప్పిన ఆవిరి పొర సంగతి నిజమే. అయితే ఉప్పునీళ్ళు వాడినా ఆ మైల్డ్ స్టీలు ఈఎన్ 8 అంత గట్టిపడదు, ఈఎన్ 19 అయితే ఇంకా ఘోరంగా పగులుతుంది. కాబట్టి కూర్పుతోనే మొదలుపెడదాం.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఉక్కు గరిష్ఠంగా ఎంత గట్టిపడగలదు అన్నది ఒకటి. ఆ గట్టిదనం ఎంత లోతుకు వెళుతుంది అన్నది రెండోది. మొదటిదానికి దాదాపు పూర్తిగా కార్బనే జవాబు. రెండోదానికి ప్రధానంగా మాంగనీస్, క్రోమియం, మాలిబ్డినం, నికెల్, బోరాన్. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఎప్పటికీ లెక్క తేలదు.

కార్బన్ ఎందుకు? వేడెక్కినప్పుడు ఇనుప పరమాణువుల అమరిక ఆస్టెనైట్‌గా మారుతుంది. దానిలో కార్బన్‌కు చోటెక్కువ, గరిష్ఠంగా 2 శాతం పైచిలుకు దాకా కరుగుతుంది. చల్లారినప్పుడు ఇనుము ఫెర్రైట్ అనే మరో అమరికగా మారాలని చూస్తుంది. అందులో 727 డిగ్రీల దగ్గర కూడా 0.02 శాతానికి మించి కార్బన్ పట్టదు. నిదానంగా చల్లార్చితే కార్బన్‌కు జరిగే సమయం దొరుకుతుంది, అది సిమెంటైట్‌గా (ఇనుము, కార్బన్ కలిసిన కార్బైడ్‌గా) విడిపోయి, ఫెర్రైట్‌తో కలిసి పెర్లైట్ పొరలు ఏర్పడతాయి. అంటే మెత్తని ఉక్కు. చటుక్కున చల్లార్చితే కార్బన్‌కు కదిలే వ్యవధి ఉండదు. ఇనుము మాత్రం అమరిక మార్చుకుంటుంది, కార్బన్ మధ్యలో ఇరుక్కుని ఆ అమరికను ఒక దిశలో సాగదీస్తుంది. అదే మార్టెన్‌సైట్. అడాల్ఫ్ మార్టెన్స్ అనే జర్మన్ లోహశాస్త్రవేత్త పేరు మీద వచ్చిన పేరు. ఎంత కార్బన్ ఇరుక్కుంటే అంత గట్టిదనం.

పూర్తిగా మార్టెన్‌సైట్‌గా మారిన ఉక్కు రాక్‌వెల్ సీ అనే గట్టిదనపు కొలతలో సుమారుగా ఇలా ఉంటుంది. కార్బన్ 0.20 శాతమైతే 45. 0.30 అయితే 50. 0.40 అయితే 56, 57. 0.50 అయితే 60, 61. 0.60 అయితే 64. అక్కడి నుంచి గీత దాదాపు చదునైపోతుంది, 1 శాతం కార్బన్ ఉన్నా 65, 66 దాటదు.

మీ మైల్డ్ స్టీలుకు పైకప్పే 45 దగ్గర ఉంది. అదీ పూర్తిగా మార్టెన్‌సైట్ అయితేనే. 20 మిల్లీమీటర్ల కడ్డీలో, అంత తక్కువ మాంగనీస్‌తో, అది జరగదు. అందుకే ఆకురాయి పట్టింది.

విద్యార్థి_లోహం

సార్, ఒక సందేహం. గట్టిదనం కార్బన్‌దే అయితే క్రోమియం కలిపిన ఉక్కు గట్టిదని అందరూ ఎందుకంటారు? ఈఎన్ 19 కూడా ఈఎన్ 8 అంతే గట్టిపడిందా?

సూక్ష్మదర్శిని

ఉపరితలం మీద కొలిస్తే రెండూ దాదాపు ఒకటే, 55 పైన ఉంటాయి. ఎందుకంటే రెండింటిలోనూ కార్బన్ 0.40. తేడా లోపలికి వెళ్ళేకొద్దీ కనిపిస్తుంది.

పెర్లైట్ ఏర్పడాలంటే కార్బన్ ఒకచోటి నుంచి మరోచోటికి జరగాలి. కార్బన్ చిన్న పరమాణువు, చురుగ్గా తిరుగుతుంది. క్రోమియం, మాలిబ్డినం వంటివి కూడా ఉంటే అవి సైతం ఫెర్రైట్‌కూ కార్బైడ్‌కూ మధ్య పంపకం కావాలి. ఇవి పెద్ద పరమాణువులు, చాలా నెమ్మదిగా కదులుతాయి. దాంతో పెర్లైట్ పుట్టుక ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే మనకు దొరికే గడువు. కడ్డీ మధ్యభాగం నిదానంగానే చల్లారుతుంది, అయినా గడువు ముగిసేలోపు దాని ఉష్ణోగ్రత కిందికి దిగిపోతే అక్కడా మార్టెన్‌సైటే వస్తుంది.

ఈ గడువును మొదట బొమ్మగా గీసి చూపింది 1930లో డావెన్‌పోర్ట్, బైన్. సుమారు 0.8 శాతం కార్బన్ తప్ప వేరే మిశ్రమాలు లేని ఉక్కులో 540 డిగ్రీల ప్రాంతంలో పెర్లైట్ మొదలుకావడానికి ఒక సెకను కూడా పట్టదు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం మూడూ ఉన్న 4340 రకం ఉక్కులో అదే పెర్లైట్ మొదలుకావడానికి నిమిషాలు పడుతుంది. ఒక సెకను ఎక్కడ, నిమిషాలు ఎక్కడ! కూర్పు పత్రంలో అరశాతం, ఒకశాతంగా కనిపించే అంకెల బలం అది.

ఒక వింత మినహాయింపు ఉంది. కోబాల్ట్ దీనికి వ్యతిరేకంగా పనిచేస్తుంది, పెర్లైట్‌ను త్వరపెడుతుంది. దాన్ని కలిపితే గట్టిపడే లోతు తగ్గుతుంది.

లేత్_మిత్ర

ఇప్పుడు దారి కనిపిస్తోంది. ఆ పత్రంలోని అంకెల నుంచి లోతును లెక్కగట్టే పద్ధతి ఏదైనా ఉందా? ఉజ్జాయింపుగా అయినా చాలు.

సూక్ష్మదర్శిని

ఉంది. 1942లో గ్రాస్‌మన్ ప్రతిపాదించిన గుణకాల పద్ధతి. ఇప్పుడు దానికంటే మెరుగైన సూత్రాలున్నాయి కానీ చేతితో లెక్క వేసి అర్థం చేసుకోవడానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచిది లేదు.

‘ఆదర్శ వ్యాసం’ అని ఒకటి అనుకుందాం. ఊహించగల అత్యంత వేగంతో ఉపరితలాన్ని చల్లార్చినప్పుడు, కడ్డీ నడిమధ్యలో సగం మార్టెన్‌సైట్ వచ్చే గరిష్ఠ వ్యాసం అది. మొదట కార్బన్, ఆస్టెనైట్ రేణువు పరిమాణం చూసి మూలసంఖ్య తీసుకుంటాం. సన్నటి రేణువు, 0.40 కార్బన్ అయితే అది సుమారు 5.4 మిల్లీమీటర్లు. దాన్ని ఒక్కో మూలకపు గుణకంతో హెచ్చించుకుంటూ పోవాలి.

మాంగనీస్‌కు 1 + 3.33 × శాతం. క్రోమియంకు 1 + 2.16 × శాతం. మాలిబ్డినంకు 1 + 3 × శాతం. సిలికాన్‌కు 1 + 0.7 × శాతం. నికెల్‌కు 1 + 0.363 × శాతం.

మీ ఈఎన్ 8 తీసుకోండి. మాంగనీస్ 0.80 కాబట్టి గుణకం 3.67. సిలికాన్ 0.25 అనుకుంటే 1.175. 5.4ను ఈ రెండింటితో హెచ్చిస్తే 23 మిల్లీమీటర్లు.

ఈఎన్ 19కి ఆ 23ను క్రోమియం గుణకం 3.16తో, మాలిబ్డినం గుణకం 1.6తో హెచ్చించాలి. దాదాపు 118 మిల్లీమీటర్లు!

ఒకటిన్నర శాతం కూడా లేని అదనపు మిశ్రమాలు లోతును అయిదు రెట్లు చేశాయి. గుణకాలను కూడటం లేదు, హెచ్చిస్తున్నాం, అసలు కీలకం అదే. ఒకే మూలకాన్ని ఎక్కువగా వేయడం కంటే నాలుగైదింటిని కొంచెం కొంచెంగా వేస్తే లోతు బాగా పెరుగుతుంది. మిశ్రమ ఉక్కుల కూర్పులన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి.

ఆదర్శ చల్లార్పు నిజంగా ఎవరికీ సాధ్యం కాదు. కదలని నీళ్ళలో ఈఎన్ 8 ఆదర్శ వ్యాసం దాదాపు సగానికి పడిపోతుంది, నూనెలో ఇంకా తగ్గుతుంది. మీ కడ్డీ వ్యాసం 20. నడిమి భాగం మెత్తగా ఎందుకు మిగిలిందో లెక్కే చెబుతోంది.

కొలిమి_వెలుగు

లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. అదే లెక్క నా మాటనూ బలపరుస్తోంది కదా. ఆదర్శ వ్యాసం 23 ఉన్న ఉక్కుకు నీళ్ళా, ఉప్పునీళ్ళా, కదిలించారా లేదా అన్నదే మొత్తం ఫలితాన్ని తేల్చేస్తుంది. 118 ఉన్న ఉక్కుకు తొట్టిలో ఏమున్నా పెద్ద తేడా రాదు. సాదా కార్బన్ ఉక్కుతో పనిచేసేవాళ్ళం చల్లార్పు గురించే మాట్లాడతామంటే కారణం ఇదే.

ముంచిన క్షణం నుంచి ఏం జరుగుతుందో గమనించండి. మొదట చప్పుడు పెద్దగా ఉండదు. కడ్డీ ఇంకా ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది, చుట్టూ వెండిరంగు పొర మెరుస్తుంది. అదే ఆవిరి. అది ఒకచోట, ఎక్కువగా కొస దగ్గరో మూల దగ్గరో, చిట్లుతుంది. అక్కడి నుంచి బుడగలు భగ్గుమని లేచి పైకి పాకుతాయి, నీళ్ళు అదురుతాయి, చేతిలోని పట్టకారు కూడా అదురుతుంది. వేడి అత్యంత వేగంగా పోయేది ఆ దశలోనే. తర్వాత బుడగలు ఆగి, నీళ్ళు మామూలుగా తాకుతూ నిదానంగా చల్లారుస్తాయి. ఉప్పు ఉంటే మొదటి పొర నిలవదు, ఉపరితలం అంతటా ఒకేసారి రెండో దశ మొదలవుతుంది. గట్టిదనంలో మచ్చలు మచ్చలుగా తేడా రాకపోవడానికి కారణం అదే. నీళ్ళు వేడెక్కితే ఆ పొర మరింత మొండిగా అతుక్కుంటుంది, కాబట్టి తొట్టి నీళ్ళను చల్లగా ఉంచుకోవాలి. నూనె సంగతి దీనికి తలకిందులు. 50 నుంచి 70 డిగ్రీల దాకా వేడిచేస్తే పలచబడి ఇంకా బాగా చల్లారుస్తుంది.

సూక్ష్మదర్శిని

ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. ఆదర్శ వ్యాసం తక్కువైనకొద్దీ తొట్టి ముఖ్యం, ఎక్కువైనకొద్దీ కూర్పు ముఖ్యం.

పాతకత్తి

అందరూ లోతు పెరగడమే మంచిదన్నట్టు మాట్లాడుతున్నారు, నాకది ఒప్పుదల కాదు. నేను ఉలులు, చాకులు చేస్తాను. నాకు కావలసింది గట్టి అంచు, దాని వెనక దెబ్బ తట్టుకునే మెత్తని వెన్ను. అందుకు లోతు తక్కువున్న ఉక్కే కావాలి. కార్బన్ 0.9 నుంచి 1 శాతం, మాంగనీస్ మాత్రం 0.3 లోపు. ఇది నీళ్ళలో గట్టిపడే పనిముట్ల ఉక్కు. వెన్నుకు బంకమట్టి పట్టించి ముంచితే మట్టి ఉన్నచోట పెర్లైట్, లేనిచోట మార్టెన్‌సైట్ వస్తాయి. ఆమ్లంలో కడిగితే రెండింటి మధ్య సరిహద్దు మబ్బు అంచులా తేలుతుంది. అదే మట్టిని 1 శాతం మాంగనీస్, కొంత క్రోమియం, టంగ్‌స్టన్ ఉన్న ఓ1 రకం ఉక్కుకు పట్టించండి, ఏ గీతా సరిగ్గా రాదు. వెన్ను కూడా గట్టిపడిపోతుంది.

కూర్పు ఎంపిక అంటే పనిని బట్టి లోతును ఎంచుకోవడం. ఎప్పుడూ ఎక్కువ లోతు కోరడం కాదు.

లేత్_మిత్ర

పాతకత్తి గారి మాటతో నా మూడో కడ్డీ గుర్తొచ్చింది. ఈఎన్ 8, ఈఎన్ 19 రెండింటిలో కార్బన్ సమానం, గట్టిదనం సమానం, నీళ్ళూ అవే. మరి ఒకటే ఎందుకు పగిలింది?

సూక్ష్మదర్శిని

ఈ చర్చలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది.

ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారితే ఘనపరిమాణం దాదాపు 4 శాతం పెరుగుతుంది. మార్పు ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవుతుందో కూడా కూర్పే నిర్ణయిస్తుంది. ఆండ్రూస్ సూత్రం ప్రకారం 539 నుంచి కార్బన్ శాతానికి 423 రెట్లు, మాంగనీస్‌కు 30.4 రెట్లు, నికెల్‌కు 17.7 రెట్లు, క్రోమియంకు 12.1 రెట్లు, మాలిబ్డినంకు 7.5 రెట్లు తీసేయాలి. ఈఎన్ 8కి సుమారు 345, ఈఎన్ 19కి సుమారు 332 వస్తాయి. పెద్ద తేడా లేదు. కాబట్టి పగులుకు కారణం ఇది కాదు.

కారణం ఏ భాగం ముందు వ్యాకోచిస్తుంది, ఏది తర్వాత అన్న వరుసలో ఉంది. ఈఎన్ 8లో నడిమి భాగం పెర్లైట్‌గా ముందే, 500 డిగ్రీల పైనే మారిపోయింది. ఆఖరున వ్యాకోచించింది పైపొర. పెరగాలనుకునే పొరను లోపలి భాగం పట్టి ఉంచింది, అందుకే ఉపరితలం నొక్కుడులో మిగిలింది. నొక్కుడులో ఉన్న ఉపరితలం పగలదు. ఈఎన్ 19లో ముందు ఉపరితలం మార్టెన్‌సైట్ అయి గట్టిపడి, పెళుసుగా నిలిచింది. తర్వాత నడిమి భాగం కూడా మార్టెన్‌సైట్‌గా మారుతూ వ్యాకోచించింది. లోపల ఉబ్బుతుంటే పైనున్న పెళుసు పొర సాగలేదు, కీవే మూల దగ్గర ఒత్తిడి పేరుకుని అక్కడ చీలింది.

అంటే లోతును పెంచిన క్రోమియం, మాలిబ్డినమే నీళ్ళలో పగుళ్ళకూ కారణమయ్యాయి. మిశ్రమాలున్న ఉక్కులో కార్బన్ 0.35 శాతం దాటిందంటే నీళ్ళ జోలికి వెళ్ళకండి, నూనె వాడండి. గడువు ఎలాగూ ఉంది, తొందర దేనికి? ఏ2, డీ2 వంటి పనిముట్ల ఉక్కుల్లో, అంటే 5 నుంచి 12 శాతం క్రోమియం ఉన్నచోట, నూనె కూడా అక్కర్లేదు, గాలి చాలు.

కీవే మూలలను పదునుగా వదలకుండా గుండ్రంగా చేయండి. కడ్డీ చేతికి ఇంకా వెచ్చగా, 50, 60 డిగ్రీల దగ్గర ఉండగానే టెంపరింగ్‌కు పెట్టండి, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్ళీ కొంత వేడిచేయండి. ముంచి రాత్రంతా బల్ల మీద వదిలేసిన ముక్క తెల్లారేసరికి తనంతట తానే పగలడం ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే.

వెల్డింగ్_జ్వాల

ఇంత చర్చలో వెల్డింగ్ మాట రాలేదు. మాకు ఇదే సమస్య అడుగడుగునా ఎదురవుతుంది. ఎవరూ నీళ్ళు పోయరు, అయినా క్వెంచింగ్ జరుగుతుంది. కరిగిన బొట్టు పక్కనున్న సన్నని పట్టీ ఆస్టెనైట్ దాకా వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న చల్లని మందపాటి లోహం దాని వేడిని లాగేస్తుంది. కూర్పు గట్టిపడేదైతే అక్కడ మార్టెన్‌సైట్ వస్తుంది. దానికి హైడ్రోజన్ తోడైతే గంటల తర్వాత, కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల తర్వాత, అతుకు కింద పగులు తేలుతుంది.

అందుకే మేం కార్బన్ సమానాంకం లెక్కగడతాం. కార్బన్‌కు మాంగనీస్‌లో ఆరో వంతు, క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం మొత్తంలో అయిదో వంతు, నికెల్, రాగి మొత్తంలో పదిహేనో వంతు కలపాలి. 0.18 కార్బన్, 0.70 మాంగనీస్ ఉన్న మైల్డ్ స్టీలుకు 0.30 వస్తుంది, నిశ్చింతగా అతకవచ్చు. పైన చెప్పిన ఈఎన్ 19కి 0.77. ముందే 200 నుంచి 300 డిగ్రీల దాకా వేడిచేయకుండా దాని మీద ఆర్క్ పెట్టకూడదు. వేడిచేయడమంటే చల్లారే వేగాన్ని తగ్గించడమే. మీరు మార్టెన్‌సైట్ కోసం చూస్తారు, మేం అది రాకూడదని చూస్తాం.

విద్యార్థి_లోహం

మా ప్రయోగశాలలో, ఉక్కు ఎంత లోతుకు గట్టిపడుతుందో తేల్చే జామినీ పరీక్ష చూశాను. 1938 నుంచి వాడుకలో ఉంది. ఇక్కడ రాయడం సందర్భమే అనుకుంటున్నాను.

25 మిల్లీమీటర్ల వ్యాసం, 100 మిల్లీమీటర్ల పొడవున్న ముక్కను ఎర్రగా కాల్చి, నిలువుగా వేలాడదీస్తారు. కింద ఒక గొట్టం నుంచి నీటిధార పైకి లేచి అడుగు ముఖాన్ని మాత్రమే తాకుతుంది. నీళ్ళు గొడుగులా చుట్టూ విచ్చుకుని పడతాయి, పక్కల మీద ఒక్క చుక్క పడదు. కింద క్షణాల్లో నల్లబడుతుంది, ఆ నలుపు పైకి పాకుతుంటే పైకొస చాలాసేపు నారింజరంగులోనే నిలిచి ఉంటుంది. ఒక్క ముక్కలోనే అడుగున నీళ్ళ వేగం, పైన గాలి వేగం, మధ్యలో వాటి మధ్య ఉండే అన్ని వేగాలూ దొరుకుతాయి.

పూర్తిగా చల్లారాక పక్కన 0.4 మిల్లీమీటర్ల లోతున చదునుగా గ్రైండింగ్ చేసి, అడుగు నుంచి సుమారు 1.6 మిల్లీమీటర్లకు ఒకసారి రాక్‌వెల్ గట్టిదనం కొలిచాం. 0.45 కార్బన్ ఉన్న సాదా ఉక్కు అడుగున 57 దగ్గర మొదలై 10 మిల్లీమీటర్లు దాటేసరికి 30 లోపుకు జారిపోయింది. క్రోమియం, మాలిబ్డినం ఉన్న 4140 దాదాపు అక్కడే మొదలై మెల్లగా వాలింది. 4340 అయితే 50 మిల్లీమీటర్ల దూరంలో కూడా పెద్దగా దిగలేదు. మూడు గీతలను ఒకే కాగితం మీద పెట్టి చూసిన రోజున, సూక్ష్మదర్శిని సార్ చెప్పిన రెండు ప్రశ్నలూ విడివిడిగా కళ్ళ ముందు నిలిచాయి. మొదటి బిందువు కార్బన్‌ది, గీత వాలు మిశ్రమాలది.

ఒక ప్రశ్న మిగిలింది సార్. బోరాన్ గురించి పేరు మాత్రమే చెప్పారు. టన్నుకు గ్రాముల్లో వేసే మూలకం అంత పని ఎలా చేస్తుంది?

సూక్ష్మదర్శిని

గీతల వివరణ చక్కగా ఉంది.

బోరాన్ 0.0005 నుంచి 0.003 శాతం వరకు వేస్తారు. అంటే టన్ను ఉక్కుకు 5 నుంచి 30 గ్రాములు. అది ఉక్కు అంతటా పరుచుకోదు, ఆస్టెనైట్ రేణువుల సరిహద్దులకు చేరుతుంది. ఫెర్రైట్ మొలకెత్తేది కూడా అక్కడే. ఆ చోట్లను బోరాన్ ఆక్రమిస్తే ఫెర్రైట్‌కు మొలకెత్తే వీలుండదు. చోటు చిన్నది కాబట్టి కొద్దిపాటి బోరానే సరిపోతుంది. ఎక్కువైతే పనికిరాకుండా పోతుంది. ఉక్కులో కరిగి ఉన్న నైట్రోజన్ బోరాన్‌ను పట్టేసుకుంటుంది, అందుకే ముందు టైటానియం వేసి నైట్రోజన్‌ను కట్టేస్తారు. పత్రంలో బోరాన్ ఉండి టైటానియం లేకపోతే అనుమానించాల్సిందే. తక్కువ కార్బన్ ఉక్కుల్లో దీని ప్రభావం ఎక్కువ, 0.8 శాతం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఉండదు. బోల్టుల తయారీలో ఇది విరివిగా వాడటానికి కారణం అదే.

పాతకత్తి

కార్బన్ ఎక్కువైనకొద్దీ మంచిదనుకునేవాళ్ళకు ఒక మాట. ఆండ్రూస్ సూత్రంలో కార్బన్ గుణకం 423. ఒక శాతం కార్బన్ పూర్తిగా కరిగిపోతే మార్టెన్‌సైట్ మొదలయ్యేదే 100 డిగ్రీల దగ్గర. ముగిసేది గది ఉష్ణోగ్రతకు చాలా కింద. అంటే ముంచాక కూడా కొంత ఆస్టెనైట్ మారకుండా మిగిలిపోతుంది, అది మెత్తనిది. అత్యధిక వేడి, అత్యధిక కార్బన్, అయినా ఉలి అంచు నలుగుతుంది!

ఈఎన్ 31, అంటే బేరింగుల ఉక్కు, 1 శాతం కార్బన్, దాదాపు 1.5 శాతం క్రోమియం ఉన్నది, దీనికి మంచి ఉదాహరణ. దాన్ని 830, 850 మధ్య వేడిచేస్తే కొంత కార్బన్ మాత్రమే కరుగుతుంది, మిగతాది గట్టి కార్బైడ్ గుళ్ళుగా మిగిలి అరుగుదలను ఆపుతుంది. 950కి తీసుకెళితే అన్నీ కరుగుతాయి, రేణువులు పెరుగుతాయి, ఆస్టెనైట్ మిగిలిపోతుంది. పత్రంలో రాసిన కార్బన్ వేరు, మీరు కరిగించిన కార్బన్ వేరు. గట్టిదనం రెండోదాన్ని బట్టి వస్తుంది.

విద్యార్థి_లోహం గారి మొదటి ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు కూడా ఇదే. క్రోమియం ఉక్కు ఆకురాయికి లొంగదని అనిపించేది ఆ కార్బైడ్ల వల్ల. ఉక్కు మొత్తం గట్టిదనం పెద్దగా పెరగదు, అరగడం తగ్గుతుంది.

లేత్_మిత్ర

అయితే ముంచినా అసలే గట్టిపడని ఉక్కులు కూడా ఉంటాయా? స్టెయిన్‌లెస్ 304ను ఒకసారి ముంచితే మెత్తబడినట్టు అనిపించింది.

సూక్ష్మదర్శిని

అనిపించడం కాదు, నిజంగానే మెత్తబడుతుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. ఇంత మిశ్రమం ఉంటే మార్టెన్‌సైట్ మొదలయ్యే ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కన్నా కిందికి వెళ్ళిపోతుంది. ఎంత వేగంగా చల్లార్చినా ఆస్టెనైట్ ఆస్టెనైట్‌గానే ఉంటుంది. పైగా వంచడం, కొట్టడం వల్ల వచ్చిన గట్టిదనం కూడా వేడికి పోతుంది. అదే స్టెయిన్‌లెస్ కుటుంబంలోని 420లో నికెల్ ఉండదు, క్రోమియం 12 నుంచి 14, కార్బన్ 0.15కు పైన. అది చక్కగా గట్టిపడుతుంది, చాకులు దానితోనే చేస్తారు.

ఇంకా ఆశ్చర్యం కలిగించేది హ్యాడ్‌ఫీల్డ్ ఉక్కు. 1882లో రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్ కనిపెట్టింది. కార్బన్ 1.2 దాకా, మాంగనీస్ 12 శాతం పైన. కార్బన్ అంత ఉన్నా నీళ్ళలో ముంచితే గట్టిపడదు, దెబ్బలకు లొంగని గుణం వస్తుంది. నిదానంగా చల్లార్చితేనే కార్బైడ్లు విడిపడి పెళుసవుతుంది. దెబ్బ తగిలినకొద్దీ ఉపరితలం గట్టిపడుతుంది. రైలు పట్టాల కూడళ్ళు, రాళ్ళు పగలగొట్టే యంత్రాల దవడలు దానితో చేస్తారు. 0.80 మాంగనీస్ మీ ఈఎన్ 8ను గట్టిపరిస్తే, 12 శాతం మాంగనీస్ అసలు మార్పునే ఆపేసింది. మూలకం ఒకటే, పాలు మారింది.

వెల్డింగ్_జ్వాల

తక్కువ కార్బన్ ఉక్కుకు క్వెంచింగ్ వృథా అని కూడా అనుకోకండి. భవనాల్లో వాడే టీఎంటీ కడ్డీలో కార్బన్ 0.2 శాతం ప్రాంతమే. రోలింగ్ నుంచి వస్తుండగానే నీటిధారలతో పైపొరను చల్లార్చి మార్టెన్‌సైట్ చేస్తారు. లోపల మిగిలిన వేడి బయటికి వచ్చి ఆ పొరను తనే టెంపరింగ్ చేస్తుంది. అడ్డంగా కోసి ఆమ్లంలో కడిగితే ముదురు రంగు ఉంగరం స్పష్టంగా కనిపిస్తుంది. పొర గట్టిది, నడిమి భాగం సాగేది.

లేత్_మిత్ర

ఇక పనిలోకి దిగాలి. మూడు కడ్డీలకూ ఏం చేయమంటారు? పాత స్ప్రింగు పట్టీలు కూడా ఉన్నాయి, వాటి కూర్పు ఎవరికీ తెలియదు.

సూక్ష్మదర్శిని

మైల్డ్ స్టీలు పిన్నులకు పైపొర అరగకూడదంటే కార్బురైజింగ్ చేయండి. బొగ్గు పొడిలో పెట్టి మూత బిగించి 900 నుంచి 950 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ ఉంచితే పైపొరలో కార్బన్ 0.8 శాతం దాకా చేరుతుంది. ఆ తర్వాత ముంచితే పొర 60 పైకి వెళుతుంది, లోపల మెత్తగా, దెబ్బ తట్టుకునేలా ఉంటుంది. పేరు వేరైనా ఇది కూడా కూర్పు మార్చడమే.

ఈఎన్ 8ను నీళ్ళలోనే ముంచండి, నడిమి భాగం మెత్తగా ఉంటుందని తెలిసే వాడండి. ఈఎన్ 19 షాఫ్టును 850 నుంచి నూనెలో చల్లార్చి 550, 650 మధ్య టెంపరింగ్ చేయండి. గట్టిదనం 30 ప్రాంతానికి దిగుతుంది, ఆ దిగడమే మీకు కావాలి. షాఫ్టుకు మెలితిప్పే బలం తట్టుకోవడం ముఖ్యం. 250, 370 మధ్య మాత్రం వద్దు, ఆ పరిధిలో ఉక్కు మళ్ళీ పెళుసవుతుంది.

కొలిమి_వెలుగు

స్ప్రింగు పట్టీల సంగతి నేను చెబుతాను. ముందు గ్రైండింగ్ రాయికి ఆనించి నిప్పురవ్వలు చూడండి. పొడుగాటి గీతలై కొసన కొద్దిగా చీలితే కార్బన్ తక్కువ. పొట్టిగా, గుబురుగా, చిటపటలాడుతూ పగిలితే ఎక్కువ. పాత లారీ పట్టీల్లో చాలావాటికి 0.55, 0.60 ప్రాంతం ఉంటుంది, కానీ నమ్మి కూర్చోవద్దు.

ఓ చిన్న ముక్క కోయండి. కాల్చుతూ అయస్కాంతం ఆనించండి. 770 డిగ్రీల దగ్గర పట్టు వదులుతుంది, అక్కడి నుంచి ఇంకో 50, 60 డిగ్రీలు పైకి పోనిచ్చి నూనెలో ముంచండి. ఆకురాయి జారితే నూనె చాలు, ఆ ఉక్కులో క్రోమియమో మాంగనీసో ఉంది. పట్టిందంటే రెండో ముక్కను నీళ్ళలో ముంచండి. నూనెకు లొంగని ముక్కను నీళ్ళలో ముంచవచ్చు, నీళ్ళలో పగిలిన ముక్కను అతికించలేం. అందుకే ఈ వరుస.

గట్టిపడిన ముక్కను గుడ్డ చుట్టి, కంటికి అద్దాలు పెట్టుకుని సుత్తితో విరవండి. విరిగిన ముఖం బూడిదరంగులో పట్టులా సన్నగా ఉంటే వేడి సరిపోయింది. చక్కెర పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది, తగ్గించి ఇంకో ముక్కతో చూడండి.

పాతకత్తి

ఒక్క చేర్పు. ఆకురాయి పెట్టేముందు పైపొరను అర మిల్లీమీటరు గ్రైండింగ్ చేసేయండి. గాలిలో కాల్చినప్పుడు ఉపరితలం కార్బన్ కోల్పోతుంది. ఆ పొర మెత్తగా ఉంటుంది, లోపల 60 ఉన్నా ఆకురాయి పట్టేసి ఉక్కు గట్టిపడలేదని చెబుతుంది.

లేత్_మిత్ర

ఇవన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాను. ఈఎన్ 19కి నూనె, గుండ్రని కీవే మూలలు, చల్లబడకముందే టెంపరింగ్. స్ప్రింగు పట్టీలకు ముందు నూనె ముక్క. ఫలితాలు రాగానే కోత ముఖాల ఫొటోలతో ఇక్కడే పెడతాను.